ముఖములు మార్చిన మల్లయుద్ధము

సోదరీమణులారా!

బడిపంతులుగారి యింట పిల్లల రాకపోకలకు కొదువ యుండదు. టెలివిజనునకు తగిలించి యాడుకొనెడి పాతకాలపు వీడియో ఆటలను గూర్చి వారు ముచ్చటించుకొనుట నా చెవిని బడుచుండును. “ఆ యాటలలో నేమున్నది? ఒకరినొకరు కొట్టుకొనుటయే గదా!” యని తల్లులు విసుగుకొందురు. ఆ విసుగు సగము న్యాయమే. కాని జపానుదేశపు ఆట యొకదాని చరిత్రము వినినచో, దెబ్బల వెనుక కథ యున్న నేమగునో, ఆ కథను దీసివేసిన నేమి మిగులునో తెలియగలదు. స్త్రీలు ప్రత్యేకముగా విచారింపదగిన విషయము కూడ నందు గలదు.

ఆ కథను కల్పించినది యొక స్త్రీ. ఆమె పేరు రుమికో తకహాషి. ఆమె 1957లో నీగాటా పట్టణమున జన్మించి, టోక్యోలోని జపాను మహిళా విశ్వవిద్యాలయమున విద్య నేర్చి, 1978లో బొమ్మల కథలు ప్రకటింప నారంభించెను. ‘షోనెన్ సండే’ యను బాలుర వారపత్రికలో 1987 మొదలు 1996 వఱకు ఆమె వ్రాసి చిత్రించిన హాస్యకథకు ‘రన్మా ½’ యని పేరు. అది 38 సంపుటములైనది. 1989లో కదలెడి బొమ్మల రూపమున, అనగా ఆనిమేగా, టెలివిజనునందును వచ్చినది.

కథ యిట్టిది. మల్లవిద్యాభ్యాసమునకై తండ్రీకొడుకు లిద్దఱు చీనాదేశమందలి శాపగ్రస్తములైన మడుగుల కడకు బోయిరి. అచ్చట నొక్కొక్క మడుగున పూర్వ మొక్కొక్క ప్రాణి మునిగి చచ్చినదట. అందు పడినవారికి అటుపై చన్నీరు సోకినప్పుడెల్ల ఆ ప్రాణి రూపమే వచ్చును. వేన్నీళ్లు పోసినచో మరల స్వరూపము కలుగును. కొడుకు రన్మాకు ఆడుపిల్ల రూపమును, తండ్రి గెన్మాకు పాండా యను నలుపు తెలుపుల ఎలుగుబంటి రూపమును సంప్రాప్తించినవి. పాండాయైన తండ్రి మాటలాడలేక పలకలపై వ్రాసి చూపుచుండును. ఇది చాలదన్నట్లు పెద్దలిద్దఱు స్నేహధర్మమున వియ్యమందదలచి, పిల్లల నొక్కమాట యడుగకయే, రన్మాకును మిత్రుని కూతురగు అకానెకును పెండ్లి నిశ్చయించిరి. వారిద్దఱికిని క్షణము పొసగదు. లోలోపల మక్కువయు లేకపోలేదు.

భాగవతము చదివిన మనకు సుద్యుమ్నుడు వనమున బ్రవేశించి స్త్రీయైన వృత్తాంతము క్రొత్త కాదు. అచ్చట శివుని యాజ్ఞ. ఇచ్చట చెంబెడు చన్నీళ్లు. భేద మంతమాత్రమే!

ఇక ఆట సంగతి. నింటెండో కంపెనీవారు 1990లో జపానునందు ‘సూపర్ ఫామికాం’ అను ఆటపెట్టెను విక్రయింప నారంభించిరి. 1991లో కాప్‌కాం వారి ‘స్ట్రీట్ ఫైటర్ 2’ యను ద్వంద్వయుద్ధపు టాట లోకమును ముంచెత్తగా, పలువురు ఆ త్రోవ పట్టిరి. 1992లో ‘రన్మా ½’ పాత్రలతోను అట్టి ఆట యొకటి వెలువడినది. జపానులో నింటింట నెఱిగిన పాత్రలు గనుక, తెరమీద నొకరినొకరు తన్నుకొనుచున్నను చూచువారికి నవ్వే వచ్చెడిది. ఆ తగవులు తమ పొరుగింటి తగవులవలె వారికి పరిచితములు.

1993లో ఈ యాటను ఐరెం కంపెనీ అమెరికాకు గొనిపోయినది. అచ్చటి జనులకు ఆ కథ యప్పటి కంతగా తెలియదు. అంతట పాత్రలనన్నిటిని తుడిచివేసి క్రొత్త మొగముల నతికించిరి, సంగీతమును మార్చిరి, ‘స్ట్రీట్ కాంబాట్’ అని పేరు పెట్టిరి. రన్మాకు బదులుగా స్టీవెన్ అను కవచధారి వచ్చెను. చన్నీళ్లు పోయినవి, వేన్నీళ్లు పోయినవి, తండ్రుల మొండిపట్టు పోయినది. మిగిలినవి దెబ్బలు. ఈ మనుష్యు లెవరో, ఏల తన్నుకొనుచున్నారో చూచువారి కక్కఱలేకపోయినది. తిరుగమోత తీసివేసిన చారువలె నుప్పును బులుపును మాత్రమే నిలిచినవి.

ఆ సంవత్సరముననే రెండవ ఆట ‘హార్డ్ బాటిల్’ అను పేరుతో అమెరికా చేరినది. ఈసారి రన్మా రన్మాగానే పోయెను. అందు మగ రన్మా యొక యోధుడు, ఆడ రన్మా వేఱొక యోధురాలు. ఒక్క మనిషే యిద్దఱై నిలుచుట యెంత వింత! ఉక్యో యను చిన్నది మఱియొక యోధురాలు. క్యాబేజీ కలిపిన పిండిని పెనముపై బోసి కాల్చెడి ‘ఒకొనొమియాకి’ యను నట్టు ఆమె వృత్తి; ఆళ్లెత్తు అట్లకాడ ఆమె యాయుధము. అట్లకాడ చేతబట్టిన యువతి రణరంగమున నిలిచినప్పుడు ఏ గృహిణికి నవ్వు రాదు? ఆ నవ్వు తకహాషిగారి సొత్తు.

సోదరులారా యని పిలువక సోదరీమణులారా యని పిలుచుటకు కారణ మిదియే. స్త్రీ చేసిన పని చెల్లుబాటగుచు, ఆమె వేసిన ముద్ర మాత్రము చెఱిగిపోవుట మన యిండ్లలో నెఱుగని వింత కాదు. అత్తగారి యూరగాయ పాళము, అమ్మమ్మ చెప్పిన కథ, వదినె వేసిన ముగ్గు, ఇవి చేతులు మారిన కొలది చేసినవారి పేరు జారిపోవుచుండును. తకహాషిగారి విషయమున కాలమే తీర్పు చెప్పినది. 2019లో ఫ్రాన్సుదేశపు అంగులేము నగరమున బొమ్మల కథల యుత్సవము ఆమెకు మహాపురస్కార మొసగెను. 2024లో ‘రన్మా ½’ క్రొత్త ఆనిమేగా మరల వచ్చినది. ముఖములు మారలేదు.

కావున బిడ్డలు ఇట్టి యాటలలో మునిగియున్నప్పుడు ఊరక కసరుకొనక, “వీరెవరు? ఏల పోరుచున్నారు? ఈ బొమ్మల నెవరు గీసిరి?” యని యడిగి చూడుడు. సమాధానము చెప్పగలిగిన బిడ్డ కథను గూడ చవిచూచినట్లే. చెప్పలేనిచో ఆ కథ నెక్కడనైనను వెదకి తెచ్చి, ప్రక్కన గూర్చుండి చదివింపుడు.