వినేవాళ్ళకూ ఒక లైసెన్సు

ఉస్మాన్‌గంజ్ మీరు చూశారా? హైదరాబాదులో బేగంబజారు పక్కనే ఉంటుంది. పప్పులు, మిరపకాయలు, చింతపండు బస్తాల లెక్కన అమ్మే టోకు బజారు. కొత్తవాళ్ళు ఆ వీధిలో ఐదు నిమిషాలు నిలబడితే మిరప ఘాటుకు తుమ్మక తప్పదు. అక్కడ మా మేనమామ కొట్టులో, గల్లాపెట్టె కింద, ఒక పాత సెట్టు చాలా ఏళ్ళు పడి ఉంది. 1980లలో గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన ఇచ్చి వెళ్ళాడట. మామయ్య అది ట్రాన్సిస్టరు రేడియో అనుకున్నాడు. ఎంత తిప్పినా పాటలు రాకపోయేసరికి మూల పడేశాడు. కిందటేడు కొట్టు సర్దుతూ దాన్ని పాత ఇనుము బస్తాలో వేయబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

అది చేతిలో ఇమిడే స్కానరు. దాని పైభాగాన నాలుగు చిన్న ఎర్రదీపాలు ఉంటాయి. సెట్టు వేయగానే అవి ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పరుగెడతాయి. ఎందుకో చెబుతాను. రాత్రివేళ ఉస్మాన్‌గంజ్‌లో కొట్లన్నీ మూసేశాక కాపలావాడు ఏం చేస్తాడు? ఒక్కొక్క తలుపు దగ్గర ఆగి చెవి ఒగ్గుతాడు. లోపల అలికిడి లేకపోతే ముందుకు నడుస్తాడు, మాట వినిపిస్తే అక్కడే నిలబడతాడు. స్కానరు చేసేదీ అదే. ఒక్కొక్క చానెలు ముందు క్షణకాలం ఆగుతుంది. ఎవరూ మాట్లాడకపోతే పక్కదానికి పోతుంది. ఉత్త గాలి రొదను మాటగా పొరబడకుండా చూసేందుకు స్క్వెల్చ్ అనే మీట ఉంటుంది.

మరి ఏ తలుపు దగ్గర ఆగాలో దానికెలా తెలుసు? మూత విప్పి చూడండి. చిటికెన వేలి గోరంత వెండిరంగు డబ్బీలు కనిపిస్తాయి. ఒక్కొక్క దానిలో ఒక క్వార్ట్జ్ స్ఫటికపు పలుచని బిళ్ళ ఉంటుంది. బిళ్ళ మందాన్ని బట్టి అది కంపించే వేగం ఉంటుంది. స్ఫటికం ఒకటయితే చానెలూ ఒకటే. 1980ల ఆరంభంలో బేర్‌క్యాట్ 100 వంటి సెట్లు వచ్చి, మీటలు నొక్కి నంబరు ఇచ్చుకునే వీలు కలిగేదాకా చేతి స్కానర్లన్నీ ఇలాంటివే.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, తప్పకుండా కాగితం మీద చేసి చూడండి. మనకు 145.800 మెగాహెర్ట్జ్ వినాలని ఉంది. ఈ సెట్టు వచ్చిన తరంగాన్ని తన సొంత తరంగంతో కలిపి 10.7 మెగాహెర్ట్జ్‌కు దించుకుంటుంది. కాబట్టి సొంత తరంగం 145.8 లోంచి 10.7 తీసివేయగా మిగిలిన 135.1. అంత వేగంగా కంపించే స్ఫటికం చేయడం కష్టం గనుక, దానిలో మూడో వంతు, అంటే 45.033 దగ్గర కంపించే స్ఫటికాన్ని పెట్టి, వలయం చేత మూడు రెట్లు చేయిస్తారు. అయితే 135.1కి 10.7 దూరంలో మరొక పౌనఃపున్యం కూడా ఉంది గదా! అది 124.4. విమానాలు మాట్లాడుకునే పట్టీ 118 నుంచి 137 దాకా ఉంటుంది, ఇది సరిగ్గా అందులో పడుతుంది. అందుకే పాత సెట్టులో ఒక్కొక్కసారి సంబంధం లేని గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. దీన్ని ప్రతిబింబ పౌనఃపున్యం అంటారు. కొత్త సెట్లు ఈ లోపాన్ని దాచేస్తాయి. పాత సెట్టు చూపించి పాఠం చెబుతుంది. దాన్ని తూకానికి అమ్మవద్దని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది చదివి మీరు కోఠీలోని గుజరాతీ గల్లీకో, గురువారం నాటి జుమ్మెరాత్ బజారుకో స్కానరు కోసం పరుగెత్తవద్దు. మన దేశంలో 1933 నాటి చట్టం ప్రకారం వినడానికి మాత్రమే పనికివచ్చే వైర్‌లెస్ సెట్టుకైనా అనుమతి ఉండాలి. ఒకప్పుడు పాటల రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టేవారు, మీ తాతగారిని అడగండి. ఆ రుసుము 1980లలో పోయింది, ఇతర సెట్ల మీది ఆంక్ష పోలేదు. 2023లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఇతరుల సందేశాలను దొంగచాటుగా వినడాన్ని నేరమంటుంది.

"గాలిలో తేలివచ్చేదాన్ని నా చెవులతో నేను వింటే తప్పేమిటి?" అని మీరు అడగవచ్చు. పశువుల సంతలో బేరం చూశారా? అందరి ఎదుటే జరుగుతుంది, కాని ధర మాత్రం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. సంత అందరిదీ అయినంతమాత్రాన తువ్వాలు ఎత్తి చూసే హక్కు మనకు రాదు. అంబులెన్సులో ఎవరున్నారో, ఏ ఇంటికి పోలీసులు వెళుతున్నారో కూడా అలాంటిదే.

అంతవరకు చట్టంతో నాకు పేచీ లేదు. నా పేచీ మరొక చోట. 1978 నాటి హామ్ రేడియో నిబంధనలలో షార్ట్‌వేవ్ శ్రోతల లైసెన్సు అని ఒకటి ఉండేది. పరీక్ష లేదు. హామ్‌లు మాట్లాడుకునేది వినవచ్చు, తిరిగి మాట్లాడరాదు. తర్వాత తరగతులు కుదించి జనరల్, రెస్ట్రిక్టెడ్ అని రెండే ఉంచినప్పుడు అది కాస్తా పోయింది. పన్నెండేళ్ళు నిండినవారు ఎవరైనా పరీక్ష రాయవచ్చు, నిజమే. కాని పసిపిల్లలు కూడా ముందు విని, ఆ తర్వాతే గదా మాట్లాడేది! పరీక్ష నెగ్గితే గాని వినరాదంటే ఎలా? శ్రోతల లైసెన్సును మళ్ళీ తేవాలి, బడి పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. దానికి మా మామయ్య సెట్టు వంటిది సరిగ్గా సరిపోతుంది. ఏ స్ఫటికం పెడితే ఆ చానెలే వింటుంది గనుక హామ్ స్ఫటికాలు మాత్రమే పెట్టి ఇస్తే పోలీసు మాటలు వినమన్నా వినలేదు. పైన చెప్పిన ప్రతిబింబం ఒక్కటే మినహాయింపు.

వినడానికి ఏముందంటారా? 145.800 ఊరికే ఎంచుకోలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హామ్ సెట్టు మాట్లాడేది దాని మీదనే. 2025 జూలైలో శుభాంశు శుక్లా అక్కడి హామ్ రేడియో ద్వారానే మన దేశపు విద్యార్థులతో ముచ్చటించారు. కేంద్రం మనవైపు వస్తున్నప్పుడు పౌనఃపున్యం సుమారు 3.5 కిలోహెర్ట్జ్ పెరిగి, దాటిపోయేటప్పుడు అంతే తగ్గుతుంది. పాత ఎఫ్.ఎం. సెట్టు ఆ మాత్రం తేడాను ఓర్చుకుంటుంది.

2004 డిసెంబరు మాట కూడా చెప్పాలి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరపున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ దీవులకు వెళ్ళింది. దూరదేశాల హామ్‌లతో మాట్లాడడమే వారి పని. 26వ తేదీ ఉదయం సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాయి. సరదాకు తెచ్చుకున్న ఆ సెట్లే క్షేమసమాచారాలు మోశాయి.

నాకు హామ్ లైసెన్సు ఉంది గనుక మామయ్య ఆ సెట్టును నాకే ఇచ్చాడు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే మీరే సెల్లులు వేసి చూడకండి, లైసెన్సు ఉన్న హామ్ దగ్గరకు తీసుకువెళ్ళండి. పాత నికెల్-కాడ్మియం సెల్లులు కారి ఉంటే చేత్తో ముట్టుకోవద్దు, కాడ్మియం విషం.

దానిలో ఇప్పటికి ఒక్క స్ఫటికమే పెట్టాను. మూడు గదులు ఖాళీ. రెండోది 145.825కు పెట్టాలనుకుంటున్నాను, అంతరిక్ష కేంద్రం నుంచి డేటా సంకేతాలు వచ్చేది దాని మీద. ఎంత స్ఫటికం తెప్పించాలో మీరు లెక్క కట్టి ఉంచండి.