పైన పటారం, లోన తుప్పు

1960, 70 దశకాలలో అమెరికాలోని కార్ల సంస్థలు ఉక్కు పైకప్పుమీద వినైల్ తొడుగు అంటించిన కార్లను విరివిగా అమ్మేవి. గుడ్డ పైకప్పు సొగసును, దాని చిక్కులు లేకుండా అందించడమే ఇందులోని ఉద్దేశం. 1962లో వచ్చిన ఫోర్డ్ థండర్‌బర్డ్ లాండో ఇటువంటిదే. 1969, 1970 సంవత్సరాలలో ప్లిమత్ కార్లకు పూల అచ్చు వేసిన తొడుగులు సైతం లభించేవి. నేడు ఆ కార్లను భద్రపరచుకునేవారికి ఆ అలంకారమే పెద్ద పరీక్షగా పరిణమించింది.

వినైల్ స్వతహాగా గట్టి పదార్థం. అందులో కలిపే ప్లాస్టిసైజర్ అనే ద్రవ్యం దానికి మెత్తదనాన్ని ఇస్తుంది. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే ఆ ద్రవ్యం కొద్దికొద్దిగా హరించిపోతుంది. తొడుగు బిరుసెక్కి కుంచించుకుపోతుంది, కుట్లు విడతాయి. ఆ సందులలో దిగిన నీరు ఉక్కు రేకును చేరి, బయటికి దారి లేక అక్కడే నిలుస్తుంది. వెనుక అద్దం అడుగున ఈ ప్రమాదం మరీ హెచ్చు. పైన పొక్కులు కనిపించేనాటికి లోపల తుప్పు తన పని చాలావరకు చేసే ఉంటుంది.

కాబట్టి శుభ్రపరచడానికి ముందు పరీక్ష అవసరం. కుట్ల వెంట, అద్దాల చుట్టూ ఉన్న లోహపు పట్టీల వెంట వేలితో తడిమి చూడాలి. విడిన కుట్టును వినైల్‌కు తగిన జిగురుతో మూసిన తరువాతనే నీరు తగలనివ్వాలి. పొక్కులున్నచోట జిగురు పనిచేయదు. తొడుగు ఎత్తి రేకును బాగుచేయించక తప్పదు.

కడగడం నీడలో, పైకప్పు చల్లబడిన తరువాత జరగాలి. మొదట దుమ్ము పోయేటట్లు నీరు మెల్లగా పోసి, ఘాటులేని సబ్బునీటితో, మెత్తని బ్రష్‌తో, కొంచెం కొంచెం మేర రుద్దాలి. సబ్బు ఆరిపోకముందే కడిగివేయాలి. బ్లీచింగ్ ద్రవం కుట్టుదారాన్ని బలహీనపరుస్తుంది. పెట్రోలు, థిన్నర్ వంటివి వినైల్‌ను పాడుచేస్తాయి. గొట్టంతో ధాటిగా కొట్టిన నీరు కుట్లలోకి చొరబడుతుంది.

పొడిగుడ్డతో అద్ది, పూర్తిగా ఆరిన తరువాత, అతినీలలోహిత కిరణాలను అడ్డగించే నీటి ఆధారిత వినైల్ రక్షకాన్ని పలుచగా పూసి, మిగులును తుడిచివేయాలి. రంగుకు వాడే మైనం ఇక్కడ పనికిరాదు. అది గరుకు గీతలలో తెల్లగా పేరుకుంటుంది. కారుపై కప్పేది గాలి ఆడే గుడ్డ కావాలి. ప్లాస్టిక్ పట్టా చెమ్మను లోపలే బంధిస్తుంది.

నల్లని నిగనిగను చూసి యజమాని తృప్తిపడరాదు. వాన వెలిసిన తరువాత కారులో కూర్చుని, తలపైనున్న లోపలి గుడ్డను, వెనుక అద్దపు మూలలను చేతితో తాకి చూడాలి. అవి పొడిగా ఉంటేనే పడిన శ్రమ ఫలించినట్లు.