పందికి ఇవ్వని మర్యాద

వేట గురించి వ్రాస్తే మిత్రులలో సగంమంది నొచ్చుకుంటారని తెలుసు. మిగిలిన సగంమంది "ఎన్ని పడ్డాయి?" అని అడుగుతారనీ తెలుసు. ఈ టపా ఆ ఇరువురికీ అంతగా రుచించకపోవచ్చు. అయినా, గత అక్టోబరులో ఒక వారాంతం నా మనసులో దిగబడిన ములుకు ఇక్కడ వ్రాసుకుంటే గాని కదిలేలా లేదు.

నేనుండేది టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరం. దానికి పడమరగా సున్నపురాతి గుట్టలు, ఓక్ చెట్లు, జునిపర్ పొదలు పరచుకొన్న ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. అక్కడ నా సహోద్యోగి ఒకరి కుటుంబానికి కొంత భూమి ఉంది. ఆయన చిన్ననాటి నుండీ విల్లుతో వేటాడుతున్నవాడు. ఆయన ప్రోద్బలంతో నేనూ వేటగాళ్ళ శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు తీసుకొని, నాలుగు నెలలపాటు సాధన చేశాను.

ఇప్పటి విల్లు మన పటాలలోని కోదండం వంటిది కాదు. రెండు కొనల వద్ద కప్పీలుంటాయి. నారిని పూర్తిగా లాగిన తరువాత ఆ కప్పీల వలన చేతిమీది బరువు చాలావరకు తగ్గి, గురి చూసుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. అయితే బాణం స్వభావం మాత్రం మారలేదు. అది చంపేది దెబ్బ తాకిడితో కాదు, రక్తస్రావంతో. ఊపిరితిత్తుల గుండా దూసుకుపోతే జంతువు క్షణాలలో నేలకూలుతుంది. జానెడు వెనుకగా కడుపులో దిగితే గంటల తరబడి నరకయాతన పడుతుంది. అందుచేత నాకు నేనే ఒక గీత గీసుకొన్నాను. దూరం 20 గజాలు మించరాదు. జంతువు పక్కకు తిరిగి నిలబడి ఉండాలి. స్పష్టంగా కనబడాలి. ఈ మూటిలో ఏ ఒక్కటి లోపించినా బాణం వదలకూడదు.

శుక్రవారం రాత్రి ఫోనులో విషయం విని అమ్మ, "ఆ మూగజీవాలు నీకేం అపకారం చేశాయిరా?" అంది. "మొన్న పండుగకు మీరు మాంసం వండుకోలేదా అమ్మా?" అన్నాను. "అది వేరు" అంది. ఆ వేరు ఏమిటో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

శనివారం తెల్లవారక ముందే చెట్టుకు కట్టిన మంచె ఎక్కి కూర్చున్నాను. నల్లమల అంచున ఉన్న మా ఊళ్ళో తాతగారు వేరుశనగ చేలో మంచె వేసుకొని, రాత్రంతా రేకుడబ్బా వాయిస్తూ అడవిపందులను తోలేవారు. ఆయన మంచె ఎక్కింది జంతువులు రాకూడదని. నేను ఎక్కింది రావాలని.

పొద్దు పొడిచాక ఒక తెల్లతోక జింక, ఆ ఏడు పుట్టిన పిల్లతో సహా వచ్చింది. 18 గజాలు. కాని ఎదురుగా నాకేసి తిరిగి ఉంది. విల్లు ఎత్తలేదు. కాసేపటికి ఏదో పసిగట్టి, ముందరి కాలితో నేలను తట్టి, తోక పైకెత్తి పారిపోయింది. నాకు రవ్వంత విచారం కూడా కలగలేదు.

మధ్యాహ్నం దూరాన ఒక మంద కనిపించింది. కళ్ళు నులుముకొని చూశాను. అవి మన చుక్కల దుప్పులు! 1930ల నాడు వేట వినోదానికని టెక్సస్‌కు తెచ్చిన జాతి ఇక్కడ స్థిరపడిపోయింది. ఇదే దుప్పిని నల్లమలలో వేటాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ అది పరదేశి జంతువు గనుక వేటకు ఋతువు లేదు, సంఖ్యాపరిమితి లేదు. అవి నా గీతకు చాలా అవతల ఉన్నాయి. ఊరకే చూస్తూ కూర్చున్నాను.

సాయంకాలం పందులు వచ్చాయి. జింకల వేటకు సూర్యుడు అస్తమించిన తరువాత అరగంట వరకే అనుమతి. ఆ అరగంటా దాటిపోయింది. పందుల విషయంలో ఆ నియమం లేదు, రాత్రియైనా వేటాడవచ్చు. 2019 నుండి, భూమి యజమాని అనుమతిస్తే లైసెన్సు కూడా అక్కరలేదు. మసక చీకటిలో నల్లని ఆకారాలు. దూరం 30 గజాలు. ఉదయం జింక ముందు కదలని చేయి, ఇప్పుడు ఆలోచించకుండానే నారి లాగింది.

కీచుమన్న అరుపు, పొదల చప్పుడు. తరువాత దొరికిన బాణం కడుపులోని వాసన కొట్టింది. పందికి గుండె, ఊపిరితిత్తులు జింకకన్న క్రిందుగా, ముందుకు ఉంటాయి. ఈ సంగతి చదివి ఉండి కూడా జింకకు పెట్టే చోట గురిపెట్టాను. కొన్ని గంటలు ఆగి, దీపాలతో నెత్తుటి చుక్కలు వెదుకుతూ వెళ్ళాం. రాతినేల మీద జాడ తెగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం దాకా వెదికినా అది దొరకలేదు.

"పోనీలే, పందే కదా!" అన్నాడు సహోద్యోగి నన్ను ఓదార్చడానికి. నా పేచీ అంతా ఆ ఒక్క మాటతోనే.

పందులను చంపనవసరం లేదని నేననను. స్పానిష్ వారు 16వ శతాబ్దంలో అమెరికాకు తెచ్చిన పెంపుడు పందుల సంతతి నేడు టెక్సస్‌లోనే 20 లక్షలకు పైబడి ఉంటుందని అంచనా. ఒక్క రాత్రిలో చేను దున్నినట్టు చేస్తాయి. తాతగారి కన్నీళ్ళు చూసినవాడిని, రైతు బాధ నాకు తెలుసు. కాని చంపవచ్చుననడం వేరు, ఎలాగైనా చంపవచ్చుననడం వేరు.

ఈ భేదం మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. భారతంలో లేడి రూపంలో ఉన్న కిందమ మహర్షిని కొట్టిన పాండురాజు, మృగాలను వేటాడటం రాజధర్మమేనని వాదిస్తాడు. ముని ఆ ధర్మాన్ని కాదనలేదు. జంటగా క్రీడిస్తున్న వేళ ముగిసేదాకా ఆగలేకపోయావే అన్నది ఆయన అభియోగం. రామాయణంలో దశరథుడు చీకటిలో నీటి చప్పుడు విని ఏనుగనుకొని బాణం వేశాడు. వేటాడబోవడం కాదు, చూడకుండా వేయడం ఆయన్ని జీవితాంతం వెంటాడింది. ఈ రెండు కథలనూ చిన్ననాటి నుండి వింటున్నవాణ్ణి, సరిగ్గా ఆ రెండవ తప్పే చేశాను.

ఎందుకు చేశాను? చట్టం పందికి ఏ గడువూ పెట్టలేదు గనుక, నేనూ నా గీతను చెరుపుకొన్నాను. చట్టం భూమినిబట్టి మారుతుంది. ఒకే దుప్పి నల్లమలలో రక్షిత ప్రాణి, ఇక్కడ పరదేశి. చట్టానికి ఆ తేడా అవసరం కావచ్చు. కడుపులో దిగిన బాణానికి ఆ తేడా తెలియదు. "చీడ" అన్న పేరు పెట్టగానే ఎలా చచ్చిందన్న ప్రశ్న అడగడం మానేస్తాం. "ఆహారం" అన్న పేరు పెట్టి, ప్లాస్టిక్ పొరలో చుట్టి అమ్మినప్పుడూ అదే జరుగుతుంది. అమ్మ "అది వేరు" అన్నదీ, సహోద్యోగి "పందే కదా" అన్నదీ నాకిప్పుడు ఒకే మాటగా వినిపిస్తున్నాయి.

వేట మానేస్తానని ప్రతిజ్ఞ చేయడం లేదు. మాంసం తింటూ ఆ ప్రతిజ్ఞ చేస్తే అది కపటమవుతుంది. జింకల వేళ ముగియగానే విల్లును మంచె కొమ్మకు తగిలించేయాలని మాత్రం నిశ్చయించుకొన్నాను, క్రింద పందులు వచ్చినా సరే.

ఈ సంగతి ఫోనులో చెబితే అమ్మ చాలాసేపు ఊరుకొని, "ఆ పంది ఏమయిందో మరి" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.