ఏడుద్దాం, రాయి కూడా తీద్దాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

నా స్నేహితుడు చనిపోయి నలభై రోజులైంది. వాడి వయసు 21. ఆరో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలలో పక్కపక్కనే పడుకున్నాం. పేరు రాయడం లేదు, వాళ్లమ్మ ఇంకా ఆ పేరు వింటే తట్టుకోలేకపోతోంది. చిన్నప్పటి నుంచి వాడికి కీళ్ల నొప్పులు, కళ్లు పచ్చబడటం, తరచూ జ్వరం. కామెర్లనుకుని పసరు మందు వేయించారు. సికిల్ సెల్ అని డిగ్రీలో చేరాకే తెలిసింది. మొన్న వానల్లో జ్వరం, ఛాతీ నొప్పి వచ్చాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లిన రెండో రోజే పోయాడు.

సమాధి దగ్గర వాళ్ల నాయనమ్మ మన పాత పద్ధతిలో రాగం తీసి ఏడుస్తోంది. సంఘంలో ఒక పెద్దాయన వచ్చి "ఏడవకూడదమ్మా, మనం విశ్వాసులం. ఇది దేవుని చిత్తం" అన్నారు. ఆ ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మీద నాకు కోపం లేదు, ఆదరించాలనే అన్నారు. కానీ ఆ మాట సరికాదని నా అభిప్రాయం.

యోహాను సువార్త 11వ అధ్యాయం చదవండి. లాజరు జబ్బు పడ్డాడని కబురు వచ్చినా యేసు ఇంకో రెండు రోజులు ఉన్నచోటే ఉన్నాడు. ఆయన బేతనియకు వచ్చేసరికి లాజరును సమాధి చేసి నాలుగు రోజులైంది. నువ్వుంటే మావాడు చచ్చిపోయేవాడు కాదని మార్త అడిగింది, తర్వాత మరియ కూడా అదే అడిగింది. విశ్వాసం లేదా అని ఆయన వాళ్ల నోరు మూయించలేదు. మరియ ఏడుపు చూసి తానూ ఏడ్చాడు. కాసేపట్లో లాజరును లేపబోతూ కూడా ఏడ్చాడు! మరి ఆ నాయనమ్మను ఆపడానికి మనమెవరం? పౌలు కూడా థెస్సలొనీక సంఘానికి రాసినప్పుడు దుఃఖమే వద్దనలేదు, నిరీక్షణ పోగొట్టుకోవద్దన్నాడు.

అదే అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. చనిపోయినవాణ్ణి లేపగలిగిన ప్రభువు సమాధికి అడ్డుగా ఉన్న రాయిని మాత్రం అక్కడున్నవాళ్లనే తీయమన్నాడు. లాజరు బయటికొచ్చాక ఆ కట్లు విప్పమని చెప్పింది కూడా వాళ్లకే. చావు మీద అధికారం ఆయనది, రాయి తీసే పని మనది.

మన ముందున్న రాయి తెలియకపోవడం. సికిల్ సెల్ అంటురోగం కాదు, శాపం కాదు, చేతబడి కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రక్తంలో వచ్చేది. ఒక్కరి నుంచే వస్తే మామూలుగా ఏ బాధా ఉండదు, అందుకే తమలో ఉందని చాలామందికి తెలీదు. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్షలు చేస్తున్నారు. పీహెచ్‌సీలో గానీ ఏఎన్‌ఎం అక్కని గానీ అడగండి. పెళ్లి మాటలకు ముందే చేయించుకోండి.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మావాడు ఉపవాస ప్రార్థనలో మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఒంట్లో నీరు తగ్గితే ఈ జబ్బు ముదురుతుందని మాకెవరికీ తెలీదు. వాడి విశ్వాసం చూసి మేం మెచ్చుకున్నాం! పాస్టర్లకు నా మనవి, ఈ జబ్బున్న పిల్లలతో ఉపవాసం చేయించకండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదని చర్చిలో గట్టిగా చెప్పండి.

పునరుత్థానం ఉందని నమ్ముతున్నాను. వాణ్ణి మళ్లీ చూస్తాను. ఆ నమ్మకం లేకపోతే ఈ నలభై రోజులు గడిచేవి కావు. కానీ ఆ నమ్మకం పేరు చెప్పి ఇంకో తమ్ముణ్ణి ముందుగానే మట్టిలో పెట్టడం నా వల్ల కాదు.

చర్చికి రాని మన పెద్దల పద్ధతి వాళ్లు కూడా ఆ రోజు మాతోపాటు గొయ్యి తవ్వారు. ఈ పని కూడా అందరం కలిసే చేద్దాం. ముందు మీ హాస్టల్లో ఎంతమంది పరీక్ష చేయించుకున్నారో కింద రాయండి.

పోయిన ఆదివారం నాయనమ్మ దగ్గరికి వెళ్లాను. మళ్లీ రాగం తీసింది. ఎవరూ ఆపలేదు. ఆవిడ ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చుని, తర్వాత ప్రార్థన చేసి వచ్చాను.

జోహార్.