లెక్క అడిగిన ఎఫా మాన్లీ



అమెరికా బేస్‌బాల్‌కి మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏం పని అనుకోకండి. ఆ ఆట నియమాలు మాకూ అంతంతమాత్రమే తెలుసు. బ్యాటు, బంతి, పరుగులు ఉంటాయి కాబట్టి క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకుంటే చాలు. మేము చెప్పదలచుకున్నది ఒక జట్టును నడిపిన స్త్రీ గురించి.

1947లో జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో ఆడి, పెద్ద లీగుల్లో అరవై ఏళ్లుగా సాగిన వర్ణ నిషేధాన్ని బద్దలు కొట్టాడు. అతన్ని తీసుకున్న తెల్ల అధికారి బ్రాంచ్ రికీకి కూడా గొప్ప పేరు వచ్చింది. మరి అంతకుముందు నల్లజాతి ఆటగాళ్లు ఎక్కడ ఆడారు? వాళ్లకు జీతాలు ఎవరిచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే ఎఫా మాన్లీ కనిపిస్తుంది.

తెల్లవాళ్లు రానివ్వకపోతే నల్లవాళ్లు సొంత లీగులు పెట్టుకున్నారు. వాటిని అప్పట్లో నీగ్రో లీగులనేవారు. ఎఫా భర్త ఏబ్ మాన్లీ 1935లో బ్రూక్లిన్‌లో 'ఈగల్స్' జట్టు పెట్టి, మరుసటి ఏడాది న్యూజెర్సీలోని నెవార్క్‌కు మార్చాడు. ఆటగాళ్లను ఏరి తేవడం ఆయన వంతు. ఒప్పందాలు, జీతాలు, ప్రయాణాలు, మ్యాచ్‌ల తేదీలు, ప్రచారం అన్నీ ఆమె చూసుకునేది. యజమానుల సమావేశాల్లో మగవాళ్ల మధ్య కూర్చుని గట్టిగా వాదించేది.

ఆమెకు పోరాటం కొత్త కాదు. 1934లో న్యూయార్క్ హార్లెంలో బ్లూమ్‌స్టీన్ అనే పెద్ద బట్టల దుకాణం నల్లవాళ్లకు సరుకు అమ్మేది కానీ కౌంటర్లో ఉద్యోగం ఇచ్చేది కాదు. ఆ దుకాణాన్ని బహిష్కరించిన ఉద్యమంలో ఎఫా ముందు నిలిచింది. చివరకు యజమాని దిగివచ్చి నల్లజాతి అమ్మాయిలను పనిలో పెట్టుకున్నాడు. 1939లో తమ మైదానంలోనే మూకహత్యలకు వ్యతిరేక దినం జరిపించింది. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లతో ఈ మాట కూడా చెప్పించడం మాకు బాగా నచ్చింది.

1946లో ఈగల్స్ కాన్సాస్ సిటీ మోనార్క్స్‌ను 4-3తో ఓడించి నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. కష్టాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. అదే ఏడాది రికీ ఈగల్స్ బౌలర్ డాన్ న్యూకోంబ్‌ను తీసుకుపోయాడు. ఆ జట్టుకు ఒక్క డాలరు ఇవ్వలేదు. అంతకుముందు రాబిన్‌సన్ విషయంలో మోనార్క్స్‌కూ ఇవ్వలేదు. నీగ్రో లీగుల ఒప్పందాలు ఒప్పందాలే కావన్నాడు. ఎఫా ఊరుకోలేదు, పరిహారం ఏదని బహిరంగంగా అడిగింది. నల్లజాతి పత్రికలు కొన్ని, మన కుర్రాళ్లకు అవకాశం వస్తుంటే అడ్డుపడతావా అని ఆమెనే తిట్టాయి.

ఆమె అడ్డుపడిందా? 1947లో క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వీక్ లారీ డోబీని అడిగితే ఆమె పంపింది. అయితే వెల కట్టించుకుంది: పది వేల డాలర్లు, జట్టులో నిలదొక్కుకుంటే మరో ఐదు వేలు. అతనే తెల్లవాడైతే లక్ష ఇచ్చేవాళ్లని మొహమాటం లేకుండా చెప్పింది కూడా. తర్వాత మాంటీ ఇర్విన్‌ను డాడ్జర్స్ ఊరికే తీసుకోబోతే వకీలును పెట్టింది. వాళ్లు వెనక్కి తగ్గారు. 1949లో న్యూయార్క్ జెయింట్స్ ఐదు వేలిచ్చి తీసుకుంది. తన వాటా డబ్బుతో ఆమె ఖరీదైన బొచ్చు శాలువా కొనుక్కుందట. కొనుక్కోనివ్వండి, అది ఆమె కష్టార్జితం.

కానీ జట్టు నిలవలేదు. జనం రాబిన్‌సన్‌ను చూడ్డానికి వెళ్లిపోయారు. ఒక్క ఏడాదిలో ఈగల్స్ ప్రేక్షకులు సగానికి పైగా తగ్గారు. 1948 సీజన్ ముగిశాక జట్టును అమ్మేశారు.

ఇది చదువుతుంటే మాకు ప్రవేశ పరీక్షల ఫలితాల రోజు పేపర్లు గుర్తుకొచ్చాయి. మన హాస్టల్ వరండాలో, ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివిన అన్నయ్యకు ర్యాంకు వస్తే, చివరి రెండు నెలలు కోచింగిచ్చిన సంస్థ అతని ఫొటో పేజీ నిండా వేసుకుంటుంది. ఏడేళ్లు అన్నం పెట్టిన హాస్టల్ పేరు అందులో ఉండదు. అన్నయ్య వెళ్లకూడదని మేమనం, వెళ్లాలి. ఇంకా చాలామంది వెళ్లాలి. అయితే తయారు చేసినవాళ్ల పేరు ఎందుకు రాయలేదని మనమైనా అడగాలి. హాస్టల్లో చదివానని చెప్పుకోవడానికి జంకే సీనియర్లకు కూడా ఈ మాట చెబుతున్నాం. వాళ్లే పేరు దాచుకుంటే పక్కవాడు ఎందుకు రాస్తాడు?

జట్టు పోయాక కూడా ఎఫా రాస్తూనే ఉంది. నీగ్రో లీగుల ఆటగాళ్లకు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటివ్వాలని ఉత్తరాల మీద ఉత్తరాలు పంపింది. 1976లో ఆ లీగుల మీద మరొకరితో కలిసి పుస్తకం తెచ్చింది. 1981లో లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూసింది. ఆమె ఆటగాళ్లలో ఇర్విన్ 1973లో, లియాన్ డే 1995లో, డోబీ 1998లో ఆ హాల్‌లో చేరారు. 2006లో నల్లజాతి బేస్‌బాల్‌కు చెందిన పదిహేడు మందిని ఒకేసారి చేర్చుకున్నప్పుడు అందులో ఎఫా మాన్లీ పేరు ఉంది. ఆ హాల్‌లో చోటు దక్కిన మొదటి మహిళ ఆమే.