విజ్ఞాన వీచిక: గవ్వలో విషం, విషంలో ఔషధం

సెలవులలో అండమాన్‌కో, లక్షద్వీపాలకో వెళ్ళినప్పుడు మనలో గవ్వలు ఏరనివారు అరుదు. శంకువు ఆకారంలో, చిత్రమైన గీతలతో ఆకర్షించే కోన్ నత్త గవ్వను చూస్తే పిల్లల చేయి ఊరుకోదు. ఆ నత్త బాణం వంటి బోలు దంతంతో విషాన్ని గుచ్చి, చేపలను క్షణాలలో స్తంభింపజేస్తుంది. కోనస్ జియోగ్రాఫస్ అనే జాతి కాటుకు మనుషులు మరణించిన సందర్భాలున్నాయి. దానికి విరుగుడు మందు నేటికీ లేదు.

అయితే విషమే ఔషధానికి మూలమైంది. ఫిలిప్పీన్స్‌లో జన్మించిన శాస్త్రవేత్త బాల్డొమెరో ఒలివెరా బృందం ఈ విషాలను పరిశోధించింది. కోనస్ మేగస్ విషంలోని 25 అమినో ఆమ్లాల పదార్థానికి కృత్రిమ రూపమే జికోనోటైడ్. 2004లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, వెన్నుపాములో నొప్పి సంకేతాలను అందించే కాల్షియం ద్వారాలను మూసివేస్తుంది. మార్ఫిన్ వలె వ్యసనం కాదు. కాని దీనిని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే ఎక్కించాలి. మతిభ్రమ వంటి దుష్ఫలితాలూ ఉన్నందున, ఇతర చికిత్సలు ఫలించని తీవ్రమైన నొప్పికే వాడతారు.

పాఠకులకు మా మనవి ఒక్కటే. గవ్వ ఖాళీదో కాదో పైకి తెలియదు. శంకు గవ్వను పిల్లలచేత తాకించకండి. గుచ్చుకుంటే, నొప్పి స్వల్పమేనని ఉపేక్షించక వెంటనే ఆసుపత్రికి చేర్చండి. సకాలంలో కృత్రిమ శ్వాస అందితే ప్రాణం దక్కే అవకాశం ఉంది.