రంగూన్ కెమెరా సాక్ష్యం

కాల్పులు మొదలైతే జనం పరుగెత్తవచ్చు, కెమెరామన్ నిలబడాలి. ఆ నిలకడకు చెల్లించవలసివచ్చే మూల్యమేమిటో వెనుకటి తరం తెలుగువారికి చిరపరిచితమైన రంగూన్, నేటి యాంగోన్, చెబుతుంది.

2007 సెప్టెంబరు 27న సూలే పగోడా సమీపంలో సైనికులు నిరసనకారులపై విరుచుకుపడ్డారు. జపాన్ వీడియో పాత్రికేయుడు కెంజీ నాగాయ్ తూటా తగిలి నేలకొరిగాడు. వెల్లకిలా పడిపోయి కూడా కెమెరాను విడువలేదు. అది ప్రమాదమని సైనిక ప్రభుత్వం పేర్కొన్నది. అతి సమీపం నుంచే కాల్చారని ఇతరులు తీసిన చిత్రాలు చాటాయి.

అతని కెమెరా మాత్రం మాయమైంది. అది బాంకాక్‌లో సోదరి చేతికందినది 2023 ఏప్రిల్‌లో. టేపులో జనసమూహం ఉన్నది, సైనిక ట్రక్కుల రాక ఉన్నది. తూటా పేలిన క్షణం లేదు.

ఆ ఉద్యమం సాగుతుండగానే మన పెట్రోలియం మంత్రి మురళీ దేవరా గ్యాస్ అన్వేషణ ఒప్పందాలకై బర్మా వెళ్ళివచ్చారు. ఢిల్లీ ఆందోళన వెలిబుచ్చింది గాని, మాటలు కొలిచి వాడింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ అధికారాన్ని హస్తగతం చేసుకున్నది.

కెమెరాను అపహరించినంత మాత్రాన సాక్ష్యం నశించదు. దానిని చూడటానికి పొరుగువారు సిద్ధపడతారా అన్నదే ప్రశ్న.